క్లబ్బా, ఫొటోవాకా, ఉమ్మడి గదా: ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

కెమెరా కొన్న కొన్నాళ్లకు అందరికీ ఒక ఆలోచన వస్తుంది, ఒంటరిగా తీస్తూ పోయే బదులు పదిమందితో కలిస్తే బాగుంటుందని. దానికి మూడు దారులున్నాయి. సభ్యత్వం, పోటీలు ఉండే ఫొటోగ్రఫీ క్లబ్ ఒకటి. ఆదివారం పొద్దున్నే కెమెరాలు పట్టుకుని కలిసి తిరిగే ఫొటోవాక్ గుంపు ఇంకొకటి. లైట్లు, ప్రింటర్, అద్దె అన్నీ పంచుకునే ఉమ్మడి గది మూడోది. ఎక్కడ చేరినా నేను మొదట చూసేది ఒకటే: మన ఫొటోను ప్రింట్‌గా చేతిలోకి తీసుకుని, మొహమాటం లేకుండా మాట్లాడే మనుషులు అక్కడ ఉన్నారా లేదా?

ఫొటోవాక్‌లో చేరడం అన్నిటికన్నా తేలిక. పెద్ద ఖర్చు ఉండదు, ఫోన్ ఉన్నా చాలు. చార్మినార్ దగ్గర లాడ్ బజార్, గుడిమల్కాపూర్ పూల మార్కెట్, విశాఖ ఫిషింగ్ హార్బర్ లాంటి చోట్లకు తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లడానికి జంకే అమ్మాయిలకు తోడు దొరుకుతుంది. అదే వీధిలో, అదే వెలుగులో పక్కవాళ్లు ఏం చూశారో తెలుస్తుంది. అది చిన్న పాఠమేమీ కాదు. కానీ ఇరవై మంది ఒకేసారి ఒక పూలమ్మే ఆమె మీదికి లెన్సులు తిప్పితే ఆమెకు ఎలా ఉంటుంది? ఆమెతో మాట్లాడి, అనుమతి అడిగి తీయడం గుంపులో కుదరదు. తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు పెడితే అందరికీ ఒకే జవాబు: ‘సూపర్ అన్నా’. దాంతో ఎవరి ఫొటో మెరుగవుతుంది?

క్లబ్ సంగతి వేరు. మన దేశంలో దీనికి చాలా పాత చరిత్ర ఉంది. బొంబాయిలో 1854లోనే, కలకత్తాలో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు పుట్టాయి. ఇప్పుడు దేశంలో చాలా క్లబ్‌లకు పైన 1953లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ, ప్రపంచస్థాయిలో 1950లో మొదలైన ఫొటోగ్రఫీ సంఘాల సమాఖ్య ఫియాప్ ఉన్నాయి. వాటి గుర్తింపుతో సలోన్లు, అంటే ఫొటో పోటీలు జరుగుతాయి. ఎన్ని సలోన్లలో, ఎన్ని దేశాల్లో మన ఫొటోలు ఎంపికయ్యాయో లెక్కగట్టి ఏఫియాప్, ఈఫియాప్ లాంటి బిరుదులు ఇస్తారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. వేల ఫొటోలు చూడాల్సిన జడ్జి ఒక్కోదానికి ఇవ్వగలిగేది కొద్ది క్షణాలే. ఆ క్షణాల్లో కళ్లకు కొట్టే ఫొటోనే గెలుస్తుంది. అందుకే వారణాసి ఘాట్‌లో పడవ చుట్టూ ఎగిరే పక్షులు, పొగ వదులుతున్న తలపాగా తాత, డబ్బిచ్చి సూర్యోదయానికి వల విసిరించిన జాలరి మళ్లీ మళ్లీ కనిపిస్తారు. తన ఊరి చెరువు గట్టు మీద రోజూ జరిగేది తీసే కుర్రాడికి ఆ పోటీలో చోటు దొరకడం కష్టం. రెండేళ్లు పతకాల వెంట పడితే కన్ను కూడా అలాగే అలవాటు పడిపోతుందని నా భయం.

అయినా క్లబ్‌ను నేను కొట్టిపారేయను. మన ఊళ్ల క్లబ్‌లలో చాలామంది పెళ్లిళ్లు తీసే స్టూడియో వాళ్లే. ముహూర్తాల సీజన్‌లో మీటింగ్‌కు దొరకరు గానీ, వెలుగు గురించి వాళ్లకు తెలిసినంత పుస్తకాల్లో దొరకదు. అలాంటి సీనియర్ మన పక్కన కూర్చుని ‘ఫొటో అంచున ఈ చెయ్యి ఎందుకు కోసేశావు?’ అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్న నెల రోజులు పని చేస్తుంది.

ఉమ్మడి గదికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. అద్దె ఎవరు వసూలు చేయాలి, ఫ్లాష్ ట్యూబ్ కాలిపోతే ఎవరు కొనాలి, ఎవరు ఊడవాలి అన్న గొడవలు తప్పవు. ఫిలిం కడిగి ప్రింట్లు వేసుకునే చీకటి గది, అంటే డార్క్‌రూమ్ అయితే ఇంకా కష్టం. నలుపు-తెలుపు ఫిలిం మీద బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్ ద్రావణాన్ని సాధారణంగా 20 డిగ్రీల దగ్గర వాడతారు. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లే అంతకన్నా చాలా వేడి. నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్‌ను ఒక్కరే కొని, ఏసీ పెట్టి, గది చీకటి చేసుకోవడం అయ్యే పని కాదు, పదిమంది కలిస్తే అవుతుంది.

న్యూయార్క్‌లో 1936 నుంచి 1951 దాకా నడిచిన ఫొటో లీగ్ నాకు ఇష్టమైన ఉదాహరణ. తక్కువ రుసుముకే డార్క్‌రూమ్, పాఠాలు, ప్రదర్శనలు అక్కడ దొరికేవి. ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ బృందం, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేట జీవితాన్ని కలిసి తీసింది అక్కడి నుంచే. 1947లో అమెరికా ప్రభుత్వం దాన్ని కమ్యూనిస్టులన్న అనుమానంతో తన జాబితాలో చేర్చడంతో అది నిలదొక్కుకోలేకపోయింది. మన హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ల కోసమే పుట్టకపోయినా, బంజారాహిల్స్‌లో 2010లో తలుపులు తెరిచిన సాంస్కృతిక వేదిక లామకాన్ ఉంది. అది ఫొటోగ్రాఫర్, డాక్యుమెంటరీలు తీసిన మొయీద్ హసన్ ఇల్లు. ఇప్పుడు అందరిదీ అయింది.

కొత్తవాళ్లయితే కొన్ని నెలలు ఫొటోవాక్‌కు వెళ్లి, తర్వాత క్లబ్‌లో చేరడం మేలు. చేరే ముందు ‘మీ దగ్గర ప్రింట్లు చూసే రోజు ఉందా?’ అని అడగండి. పోటీల తేదీలు తప్ప ఇంకేమీ చెప్పకపోతే వేరే క్లబ్ చూసుకోండి. ప్రొడక్ట్, పోర్ట్రెయిట్ పని చేసేవాళ్లకు ఉమ్మడి స్టూడియోనే లాభం. ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి తీస్తున్నవాళ్లకు పతకం అక్కర్లేదు, ప్రింట్లు పెట్టి చూపించుకునే గోడ కావాలి.

నెల్లూరు, కరీంనగర్ లాంటి ఊళ్లో ఉంటే మీరే మొదలుపెట్టండి. ఎవరో ఒకరి స్టూడియోలో సాయంత్రం ఖాళీగా ఉండే గది, ప్రింట్లు గుచ్చడానికి ఒక బోర్డు, మంచి తెల్లటి లైటు చాలు. ఊళ్లోని కలర్ ల్యాబ్‌లో ఒక్కొక్కరు పది చిన్న ప్రింట్లు వేయించుకుని, నెలకోసారి కలవండి. ఒక్కటే నియమం పెట్టుకోండి: చూసినవాళ్లంతా తమకేం కనిపించిందో చెప్పేదాకా తీసినవాళ్లు నోరు విప్పకూడదు.