మా కాలనీ జొన్నరొట్టెల బండి

కూకట్‌పల్లిలో మేముండే కాలనీ మలుపున సాయంత్రం ఆరింటికి ఇద్దరు మహిళలు పొయ్యి వెలిగించి, రాత్రి పదింటి దాకా జొన్నరొట్టెలు చేసి అమ్ముతారు. రొట్టె 20 రూపాయలు. ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిదయ్యే వారికి రాత్రి భోజనం ఒక పద్ధతిలో సాగాలంటే, ఇంటిదారిలోనే దొరికే ఈ రొట్టెలకు మించిన ఏర్పాటు లేదని నా అభిప్రాయం. ఆరోగ్యం కోసమని ఉత్సాహంగా తెప్పించిన చిరుధాన్యాల పొట్లాలు అలమరలో పురుగు పట్టిపోయే ఇళ్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది.

జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు కనుక అది చపాతీ పిండిలా సాగదు. మరిగే నీళ్లు పోసి కలిపి, బాగా మర్దించి, అరచేత్తో తట్టవలసిందే. అందుకే అసలైన జొన్నరొట్టె అంచులు కాస్త పగిలి ఉంటాయి. అంచు నున్నగా ఉండి, తుంచబోతే సాగితే గోధుమపిండి కలిసిందేమోనని అనుమానించవచ్చు. ఈ బండి దగ్గర పిండి తట్టడం, పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది పెనం మీద కాల్చడం అంతా కళ్లముందే జరుగుతుంది, నూనె చుక్క పడదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములుంటే, తెల్ల బియ్యంలో 3 గ్రాముల లోపే ఉంటుంది. రెండు రొట్టెలు తిన్నాక నిద్రపోయేలోపు మళ్లీ జంతికల డబ్బా వెతకవలసిన అవసరం రాకపోవడానికి అదొక కారణం కావచ్చు.

కూరలను మాత్రం మెచ్చుకోలేను. వంకాయ కూరలో నూనె తేలుతుంది, పచ్చడిలో ఉప్పు ఎక్కువ. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని అదే సంస్థ చెబుతున్నప్పుడు ఆ పచ్చడిని రోజూ తినడం తగదు. పాలకూర పప్పో, తోటకూర పప్పో పొద్దున వంటతో పాటే కుక్కర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే, రాత్రి వేడి చేసుకోవడం తప్ప వేరే పనుండదు.

రొట్టెలను వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో వేసి ఇవ్వడం మరో లోపం. మనమే స్టీలు డబ్బా, నూలుగుడ్డ తీసుకెళ్తే వారు విసుక్కోకుండా అందులోనే సర్ది ఇస్తారు. చల్లారితే అట్టలా బిగుసుకుంటాయి గనుక అరగంటలోపు తినాలి. ఆదివారాలు, జోరువాన కురిసే రోజులు బండికి సెలవు. అప్పటికి జొన్నరవ్వ ఉప్మా చేసుకోవలసిందే.