ఆ నారింజ ముల్లు: మా పాత జెన్‌తో పదమూడేళ్లు

మా బావమరిది కొత్త బండి కొని రెండేళ్లయింది. పోయిన నెల దాన్ని నడుపుతూ స్పీడోమీటరు చుట్టూ అంతా వెతికాను. ఇంజిన్ వేడి చూపించే ముల్లు కనపడలేదు. "చల్లగా ఉంటే నీలం లైటు, మరిగితే ఎర్ర లైటు. మధ్యలో సంగతి మనకెందుకు బావా?" అన్నాడు. నాకు కావలసింది ఆ మధ్యలో సంగతే. ఎర్ర లైటు వెలిగిందంటే జరగాల్సింది చాలావరకు జరిగిపోయినట్టే. ముల్లు అలా కాదు, జరగబోయేది ముందే చెబుతుంది.

2003 మోడల్ మారుతి జెన్ కారుని నేను 2012లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. విశాఖలో కంచరపాలెం నుంచి గాజువాక ఆఫీసుకి, సాయంత్రం మళ్లీ వెనక్కి, ఆదివారాలు సముద్రం పక్కనే భీమిలి రోడ్డు. జెన్ ఇంజిన్ చురుకుదనం గురించి, సందుల్లో తిరిగే తీరు గురించి తెలియనివాళ్లు లేరు. అందుకే నేను ఆ ముల్లు గురించే రాస్తున్నాను.

పొద్దున్న సెల్ఫ్ కొట్టినప్పుడు అది అడుగున, సి అక్షరం మీద పడుకుని ఉంటుంది. ఎండకి రంగు వెలిసి నారింజ కాస్తా లేత పసుపైంది. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేసరికి సగానికి వెంట్రుకవాసి కిందిదాకా లేచి అక్కడ ఆగుతుంది. గాజువాక ట్రాఫిక్‌లో నాలుగైదు నిమిషాలు ఇరుక్కుంటే గోరంత పైకి జరుగుతుంది. అప్పుడు అద్దం దించి వింటే ముందు నుంచి బుర్రుమని ఫ్యాన్ మొదలవుతుంది. ముల్లు మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. ఇది చూస్తూ ఎంత ట్రాఫిక్‌లోనైనా టెన్షన్ లేకుండా కూర్చోగలను.

కొన్న కొత్తలో మాత్రం ఆ ముల్లు పావు దాటడమే అరుదు. ఎంత చల్లటి ఇంజినో అని మూడేళ్లు అందరికీ గొప్పగా చెప్పాను. మైలేజీ మాత్రం లీటరుకి పన్నెండు దాటేది కాదు. ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు మెకానిక్ ఆ ముల్లుని ఒక్కసారి చూసి, పైపు ఊడదీసి, ఖాళీగా ఉన్న గూడు నాకు చూపించారు. "థర్మోస్టాట్ ఎవరో పీకేశారండీ. మనదేటి, మంచు ప్రాంతమా అని పీకేస్తుంటారు." ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న తలుపు లాంటిది అది. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతుంటాయి, ఇంజిన్ తనకు కావలసిన వేడికి రాదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని లోపలి కంప్యూటర్ పెట్రోలు ఎక్కువగా పోస్తూనే ఉంటుంది. కొత్త థర్మోస్టాట్ మీద 82 అని గుద్ది ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అది వేయించాక ముల్లు సగం దగ్గరకి వచ్చింది, నెల తిరగకుండా మైలేజీ పదిహేనుకి చేరింది. మూడేళ్లపాటు ముల్లు చెబుతూనే ఉంది, నేనే తప్పుగా చదివాను.

ఇక అరకు సంగతి. 2019 డిసెంబరులో నేను, మా ఆవిడ, అమ్మాయి తెల్లవారుజామునే బయల్దేరాం. శృంగవరపుకోటలో టిఫిన్ చేశాం. టైడా దాటాక చలి పెరిగిందని పాపకోసం హీటర్ వేశాను. ఘాట్ ఎక్కుతుంటే ముల్లు సగం దాటింది. రెండో గేరు, మలుపులు, ముందు ఒక లోడు లారీ. ఇలాంటి ఎత్తులో కాస్త పైకి రావడం మామూలే అనుకున్నాను. ముప్పావుకి వచ్చేసరికి అరచేతులు చెమట పట్టాయి. పక్కకి తీద్దామంటే చోటు లేదు, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ.

అంతలో ముల్లు దిగడం మొదలుపెట్టింది. మెల్లగా కూడా కాదు, చూస్తుండగానే ముప్పావు నుంచి సగానికి, సగం నుంచి పావుకి వచ్చేసింది. నా ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య, ఫ్యాన్ పని చేసింది అని ఇంకో అర కిలోమీటరు లాగించాను.

వెనక సీట్లోంచి మా ఆవిడ అడిగింది: "హీటర్ ఆపేశారా? చల్లగాలి కొడుతోంది."

నేను ఆపలేదు. చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే చల్లటి గాలి. హీటర్‌కి వేడి వచ్చేది ఇంజిన్‌లో తిరిగే నీళ్ల నుంచి. గాలి చల్లబడిందంటే అక్కడికి నీళ్లు రావడం లేదన్నమాట. ముల్లుకి కబురు పంపే సెన్సరు కూడా ఆ నీళ్లలోనే మునిగి ఉండాలి. నీళ్లు పోతే అది గాలిలో ఉండిపోయి చల్లగా ఉందనే చెబుతుంది. ఇంజిన్ కాలిపోతోంది, ముల్లు మాత్రం దిగుతోంది. ఈ మూడూ కలిసి ఒక్కసారిగా బుర్రలో వెలిగి, తర్వాతి మలుపులో కాస్త వెడల్పు కనపడగానే ఆపేశాను.

బానెట్ ఎత్తితే ఆవిరి, దానితో బెల్లం పాకం లాంటి తియ్యటి వాసన. కూలెంట్, అంటే ఆ నీళ్లలో కలిపే ద్రవం, కాలితే అలాగే ఉంటుంది. వెనక్కి చూస్తే రోడ్డు మీద పచ్చగా సన్నటి గీత మేం వచ్చిన దారంతా ఉంది. రేడియేటర్ కింది పైపు క్లిప్పు తెగిపోయింది. దిగివస్తున్న జీపు డ్రైవరొకాయన ఆగి, నేను రేడియేటర్ మూత మీద గుడ్డ వేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఇప్పుడే తిప్పకండి. ముఖం మీదికి కొట్టేస్తాది." ముప్పావుగంట ఆగాం. తన జీపులోని బైండింగు వైరుతో పైపు బిగించి, కాఫీ కొట్టు నుంచి ఐదు లీటర్ల డబ్బాతో నీళ్లు తెప్పించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. అరకు మానేసి, గేరులోనే మెల్లగా కిందికి దిగి శృంగవరపుకోట చేరాం. ముల్లు దారంతా సగం దగ్గరే నిలబడింది, అయినా ఆ రోజు నేను దాన్ని నమ్మలేకపోయాను. మాటిమాటికీ హీటర్ గాలి మీద చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఉన్నాను.

జెన్ ఇంజిన్ మొత్తం అల్యూమినియం, వేడెక్కితే పైభాగం, అంటే హెడ్, వంగిపోతుంది. మాది వంగలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు లాగి ఉంటే హెడ్‌ని చదును చేయించడానికి లేత్‌కి పంపాల్సి వచ్చేదని మెకానిక్ గారు తర్వాత అన్నారు. తెగిన క్లిప్పు నా చేతిలో పెట్టారు. పైకి మెరుస్తూనే ఉంది, పైపుకి ఆనుకునే లోపలివైపు మాత్రం పొరలు పొరలుగా తుప్పు. విశాఖ ఉప్పుగాలి పని అది. రేడియేటర్ రేకుల్ని వేలితో నొక్కితే అప్పడంలా పొడిపొడి అయిపోయాయి. ఆదివారం ఆదివారం భీమిలి తిప్పడం, ఇంటికొచ్చి మంచినీళ్లతో కడగకుండా వదిలేయడం, దాని ఫలితం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఉప్పునీటి జల్లు కొట్టిన ఎడమవైపు ఫ్లోర్‌కి ఇప్పటికే రెండుసార్లు రేకు అతికించాను.

అందుకే ముందు అన్నదాన్ని కొంచెం సవరించుకోవాలి. ముల్లు జరగబోయేది చెబుతుంది, నీళ్లున్నంతవరకే. ఇప్పుడు అది ఎక్కడం కంటే దిగడాన్నే ఎక్కువ గమనిస్తాను. ప్రతి ఆదివారం బండి చల్లగా ఉండగానే కూలెంట్ డబ్బాలో గీత చూస్తాను, ఏడాదికోసారి క్లిప్పులన్నీ మార్పిస్తాను. క్లిప్పులకయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్ అంత.

మిగతావి చెప్పాలంటే, జెన్‌లో సీటు కిందికి ఉంటుంది. రాత్రిపూట అనకాపల్లి హైవే మీద ఎదురుగా వచ్చే పెద్ద బండ్ల హై బీమ్ నేరుగా కళ్లలోకి కొడుతుంది. ఎవరూ డిప్ చేయరు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఎక్కడ పడితే అక్కడ ఆగే ఆటోలకైనా అలవాటు పడ్డాను గానీ దీనికి పడలేకపోతున్నాను. 2025లో బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ పద్నాలుగుకి దిగింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ కాబట్టి అది అనుకున్నదే. పాత రబ్బరు మీద నమ్మకం లేక పెట్రోలు పైపులన్నీ మార్పించాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 2018లో 600 రూపాయలు కట్టాను, 2023లో 5,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి ఇప్పుడు 10,000 చేశారు. 2028లో మళ్లీ కడతానా అంటే ఇప్పుడే చెప్పలేను.

పాత జెన్ కొనమంటారా అని అడిగేవాళ్లకి నా పరిస్థితి చెప్పగలను, అంతే. మా ఇల్లు బీచ్‌కి దూరం, బండికి పైన షెడ్డు ఉంది, నమ్మకమైన మెకానిక్ ఉన్నారు, రోజుకి పాతిక ముప్పై కిలోమీటర్లకి మించి తిప్పను. సముద్రం దగ్గరుండే ఎంవీపీ కాలనీలోనో లాసన్స్ బే కాలనీలోనో ఆరుబయట పెట్టేవాళ్లకి ఇదే బండి ఇంకోలా ఉంటుంది. మా బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. నా ఒక్కడికైతే ఫరవాలేదు. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వచ్చింది, డ్రైవింగ్ దీని మీదే నేర్చుకుంది గానీ హైవే మీదికి దీన్ని ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. తనకోసం కొత్త బండి చూస్తున్నాం. మూడు షోరూములు తిరిగాం. రెండు చోట్ల లైటే. మూడోదానిలో గీతలుగా వెలిగే మీటరు ఉంది. ఈ శనివారం టెస్ట్ డ్రైవ్‌కి ఇస్తామన్నారు, సింహాచలం కొండ ఎక్కించి ఆ గీతలు ఎలా కదులుతాయో చూడాలి.