నాన్నకి మాట పోయాక వెళ్తున్న స్పీచ్ థెరపీ సెంటర్, బరంపురం

మాది పర్లాకిమిడి. నాన్నకి మెదడు ఎడమ వైపు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాటా పోయింది, మనం చెప్పేది అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పలేరు. నాలుగు నెలలుగా బరంపురంలో ఒక చిన్న సెంటర్‌కి తీసుకెళ్తున్నాం.

మేడమ్ మాత్రం బంగారం. మొదటిరోజే మెదడు బొమ్మ గీసి ఎడమ కణత దగ్గర చుక్క పెట్టి, 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" తప్ప ఇంకేం అనలేని పేషెంటు చనిపోయాక మెదడు చూస్తే దెబ్బ ఇక్కడే ఉందని ఓపిగ్గా చెప్పారు.

దువ్వెన బొమ్మ చూపిస్తే నాన్న ఎడం చేత్తో తల దువ్వుకున్నట్టు చేస్తారు, పేరు రాదు. మేడమ్ "దు..." అని అందించగానే "దువ్వెన" అని వచ్చేసింది, అమ్మ ఏడ్చేసింది.

గొడవ ఏంటంటే కార్డులన్నీ ఒడియావే, దువ్వెన కింద "పానియా" అని ఉంటుంది. నాన్న ఆఫీసులో ముప్పై ఏళ్లు ఒడియానే మాట్లాడారు, ఇంట్లో తెలుగు. ఎక్కువ వాడిన భాషే ముందు తిరిగొస్తుందని 1895లో పిత్ర్ అనే ఆయన అన్నారట, అందరికీ అలా జరగదు, మా నాన్నకి తెలుగే ముందొచ్చింది. చివరికి తెలుగు కార్డులు మేమే రాసుకెళ్లాం.

ఇంకోటి, సెంటర్ రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు. స్ట్రోక్ పేషెంట్లు ఎలా ఎక్కుతారండీ? పైగా అరగంట లేటు. ఐదుకి నాలుగు స్టార్లు, అవీ మేడమ్‌కే.