తుపాకీ బాగుంది, దాని మేతే కష్టం: ఫాల్అవుట్ 76 ఆయుధాల మీద ఓ మోటార్ మెకానిక్ మాట

మాది మలికిపురంలో మోటార్ రివైండింగ్ షాపు. రొయ్యల చెరువుల ఏరేటర్లు, కొబ్బరితోటల పంపుసెట్లు, రైసుమిల్లు మోటార్లు కాలిపోయి వస్తే రాగి తీగ మళ్ళీ చుట్టి, వార్నిష్ పోసి పంపిస్తాం. రాత్రి షట్టర్ దించాక నాకున్న వ్యసనం ఫాల్అవుట్ 76. దీని గురించి చెప్పేవాళ్ళందరూ ఏ తుపాకీకి ఎంత డ్యామేజ్ అనే అంకె దగ్గరే ఆగిపోతున్నారు. మా షాపుకొచ్చే రైతు మోటారు ఎన్ని హార్స్‌పవరని అడిగి ఊరుకోడు. "ఎంత కరెంటు లాగుద్దండీ? ఎన్నాళ్ళు కాత్తాదండీ?" అంటాడు. నేను ఈ ఆటలో ఆయుధాల్ని ఆ రైతు లెక్కలోనే చూస్తాను. అది ఏం తింటుంది, ఎంత బరువుంటుంది, ఎంత తొందరగా పాడవుతుంది.

ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. బెథెస్డా వాళ్ళు 2018 నవంబరు 14న విడుదల చేశారు. కథలో అణుయుద్ధం 2077లో జరిగిపోయింది. 2102లో వాల్ట్ 76 అనే నేలమాళిగ తలుపు తెరుచుకుంటే మనం బయటికొస్తాం. చోటు అమెరికాలోని వెస్ట్ వర్జీనియా, బొగ్గుగనుల కొండలు. మనతోపాటు ఆ లోకంలో తిరిగేది మనలాంటి ఆటగాళ్ళే. మొదట్లో మాట్లాడే మనుషుల పాత్రలే లేవు, 2020 ఏప్రిల్‌లో వేస్ట్‌లాండర్స్ అప్‌డేట్‌తో వాళ్ళొచ్చారు. మిగతాది ఆడితే తెలుస్తుంది.

మొదట చేతికొచ్చేవి పైప్ గన్లు. చెక్కముక్కకి గొట్టం బిగించి, నాలుగు మరలు దింపినవి. పైప్ గన్ను చూసి నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కొత్తగా వచ్చినవాడి చేతిలో అది మంచి సరుకే. .38 తూటాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, పోతే పోయిందనుకునే తుపాకీ. ఆ మరలే అసలు బంగారమని తర్వాత తెలుస్తుంది. ఏ తుపాకీకైనా మంచి బారెల్, మంచి రిసీవర్ (తూటా పేల్చే యంత్రభాగం) వేసుకోవాలంటే మరలు కావాలి. వాటి కోసం పాడుబడ్డ ఆఫీసుల్లో దూరి టేబుల్ ఫ్యాన్లు, టైప్‌రైటర్లు మోసుకొచ్చి వర్క్‌బెంచి మీద విప్పుకోవాలి. ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఫ్యాను విప్పితే ఇనుము, గేర్లు, మరలు వస్తాయి గానీ రాగి రాదు! మోటారులో వైండింగ్ లేకుండా ఆ ఫ్యాను ఎలా తిరిగిందో ఆ ఆట చేసినవాళ్ళే చెప్పాలి.

ఇక తూటాల దగ్గరికి వద్దాం. ఇంచుమించు ప్రతి తూటాకీ మందు, సీసం, ఇనుము కావాలి. మందు చెయ్యాలంటే యాసిడ్, గుడ్డముక్కలు కావాలి. ఇనుముకి లోటుండదు, చచ్చినవాడి తుపాకీని విరగ్గొట్టినా వస్తుంది. సీసానికి జిమ్ముల్లో డంబెల్స్ ఏరుకోవచ్చు, లేదా లక్కీ హోల్ మైన్‌లోకి దిగి తవ్వుకోవచ్చు. దొరికినట్టే దొరికి చాలనిది యాసిడ్. అందుకే గోడలకి కన్నాలు పొడుస్తూ తిరిగే ఆటోమేటిక్ తుపాకీ వాళ్ళంతా చివరికి యాసిడ్ అడుక్కునే బాపతు అవుతారు. అమ్మోస్మిత్, సూపర్ డూపర్ అనే పెర్క్ కార్డులు (మన పాత్రకి అదనపు నేర్పు ఇచ్చేవి) పెట్టుకుని తూటాలు చేస్తే అదే సరుకులో ఎక్కువొస్తాయి. కార్డు మార్చకుండా బెంచి దగ్గర నిలబడేవాడు డబ్బు కాలవలో పోసుకుంటున్నట్టే.

మా మేనల్లుడు మినీగన్ మనిషి. "మావయ్యా, సెకనుకెన్ని పోతున్నాయో చూడు!" అని సంబరపడతాడు. "పోతున్నాయి సరే, ఎన్ని తగుల్తున్నాయిరా?" అంటాను నేను. మినీగన్‌కి కరెంటు మోటారు. మీట నొక్కగానే పేలదు, గొట్టాలన్నీ గిర్రున తిరిగి స్పీడందుకున్నాక మొదటి తూటా వస్తుంది. ఈలోగా ఎదురుగా ఘూల్ (రేడియేషన్‌తో పిచ్చెక్కిన మనిషి) మీదపడి రక్కుతూ ఉంటుంది. స్టార్టింగ్‌లో గుంజుకునే మోటారు ఎలా ఉంటుందో నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి విరుగుడు అదే 5 ఎం.ఎం. తూటా తినే గాట్లింగ్ గన్. పాతకాలపు సరుకు, చేత్తో పిడి తిప్పేది. ఒక్కో తూటా తీరిగ్గా పోతుంది, పోయిన ప్రతిదీ గట్టిగా తగుల్తుంది. మినీగన్ ఒక్క ఘూల్ మీద ఒలకబోసే తూటాలతో గాట్లింగ్ ఒక గదంతా ఖాళీ చేస్తుంది. చూపుకి సోకు లేదు, చప్పుడు కూడా టక్ టక్ టక్ అని గుమాస్తా టైపు కొట్టినట్టుంటుంది. పెద్ద తుపాకుల్లో నా ఓటు దానికే.

రైఫిళ్ళలో ఫిక్సర్ అని ఒకటుంది. .45 తూటా, చేతిలో ఉంటే నక్కి నడిచేవాడు మరీ కనబడడు, నడక కూడా జోరందుకుంటుంది. అందరూ మెచ్చుకుంటారు, నాకూ ఫిర్యాదేం లేదు. హ్యాండ్‌మేడ్ రైఫిలూ అంతే, 5.56 తూటా పెట్టుకుంటే పెట్టిన చోటల్లా పని చేస్తుంది. వీటి గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

రైల్వే రైఫిల్ గురించి మాత్రం రాయాలి. పట్టాలకి కొట్టే ఇనుప మేకుల్ని ఆవిరి ఒత్తిడితో విసిరే తుపాకీ అది. ఒక దఫాకి పది మేకులు. నింపుకునేటప్పుడల్లా రైలింజన్‌లా కూత పెడుతుంది. మా కోనసీమకి రైలొస్తుందని మా నాన్నగారి తరం నుంచి వింటున్నాం. కాకినాడ నుంచి పట్టాలు కోటిపల్లి దాకా వచ్చి గోదారి అవతలి గట్టునే ఆగాయి. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా ఈ తుపాకీ పేల్చిన రాత్రి వంటింట్లోంచి మా ఆవిడ, "ఏవండీ, అమలాపురానికి రైలొచ్చేసిందాండీ?" అంది. సరదా సంగతి పక్కనపెడితే దెబ్బ మాత్రం మహా గట్టిది. ఆటోమేటిక్ పిస్టన్ బిగిస్తే మేకులు వరసగా పోతాయి. చిక్కల్లా మ్యాగజైను చిన్నది. పెద్ద గుంపు మీదపడితే పేల్చేదాని కంటే కూత పెట్టించేదే ఎక్కువవుతుంది. ఎదురుగా ఒక్కడే, గట్టోడు ఉన్నప్పుడు తియ్యాలి దీన్ని.

గుంపుకైతే టెస్లా రైఫిల్. ఫ్యూజన్ సెల్స్‌తో పని చేస్తుంది. ఒకడికి తగిలిన కరెంటు పక్కవాడి మీదికి, అక్కణ్ణుంచి ఆ పక్కవాడి మీదికి పాకుతుంది. యురేనియం ఫీవర్, రేడియేషన్ రంబుల్ లాంటి ఈవెంట్లలో శత్రువులు వరదలా వచ్చిపడతారు. ఎవడికి మన దెబ్బ తగిలితే వాడి అనుభవం పాయింట్లు మనకొస్తాయి గనక, ఒక్క పేలుడుతో నలుగురిని తాకే టెస్లా అక్కడ లాభసాటి. చంపడానికి కాదు, చెయ్యి వెయ్యడానికి. తడి నేల మీద నిలబడ్డవాడి కాళ్ళలోంచి ఎర్త్ అయిపోవాల్సిన కరెంటు మనిషి నుంచి మనిషికి ఎలా దూకుతుందని అడక్కండి, ఆ ప్రశ్న నేను మానేశాను.

ఇప్పుడు పవర్ ఆర్మర్. మనిషి లోపలికి దూరి నిలబడే ఇనుప చట్రం, దానిమీద రేకులు. ఫ్యూజన్ కోర్ అనే బ్యాటరీతో నడుస్తుంది. కోర్ అయిపోతే అంత గొప్ప ఆర్మరూ ఈడ్చుకుంటూ నడవాల్సిందే. టీ-65కి రక్షణ ఎక్కువన్న మాట నిజమే. కానీ దానికి బంగారం దాచిన వాల్ట్ 79 అనే నేలమాళిగ పని ముగించి, గోల్డ్ బులియన్ (ఆటలో డబ్బులా చెల్లే బంగారం) పోగేసి, తయారీ ప్లాన్లు ఒక్కొక్కటే కొనుక్కోవాలి. నేను మాత్రం కొత్తవాళ్ళని ఎక్స్‌కవేటర్ అనే పవర్ ఆర్మర్ వైపు పంపుతాను. గారాహాన్ మైనింగ్ కంపెనీ ఆఫీసులో మొదలయ్యే క్వెస్ట్‌తో దొరుకుతుంది, లెవెల్ 25కే వేసుకోవచ్చు. ఆరు ముక్కలూ తొడిగితే మోసే బరువు 100 పెరుగుతుంది, గనిలో తవ్వితే ఖనిజం మామూలు కంటే ఎక్కువొస్తుంది. లక్కీ హోల్ మైన్ మాట ఇందాక చెప్పానుగా, అక్కడికి ఇది వేసుకునే వెళ్ళాలి. మనల్ని కాపాడే ఆర్మర్లు చాలా ఉన్నాయి, మన తూటాల ఖర్చు భరించే ఆర్మర్ ఇదొక్కటే.

కోర్‌లు కావాలంటే ఆ లోకంలో మూడు పవర్ ప్లాంట్లున్నాయి: పొసైడన్, మొనోంగా, థండర్ మౌంటెన్. పాడైన పైపులు, జనరేటర్లు వెతికి బాగుచేస్తే ప్లాంటు నడుస్తుంది, అక్కడి మిషను కోర్‌లు తయారుచేస్తుంది. జనం ఈ పని విసుగంటారు. పగలంతా ఇదే పని చేసి రాత్రి మళ్ళీ ఇదే చేసేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో, నాకు ఆటలో ఇష్టమైన చోటదే.

ఆటలో యాష్ హీప్ అనే ప్రాంతం వైపు వెళ్తే గ్యాస్ మాస్క్ పెట్టుకోండి. భూమి లోపల గని అంటుకుని ఆరకుండా మండుతుంటుంది, గాలంతా బూడిద. 1995లో మా కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ రాత్రుల్లో ఎర్రబడ్డ ఆకాశం చూసిన మావాళ్ళకి ఈ ప్రాంతం కొత్తగా అనిపించదు.

లెజెండరీ గుణాలు (కొన్ని ఆయుధాలకుండే ప్రత్యేక శక్తులు) లేకుండా ఈ ఆటలో ఆయుధాల మాట పూర్తవదు. తుపాకీ పేరు పక్కన చుక్కలుంటాయి, ఒక్కో చుక్కకి ఒక్కో గుణం. 2024 డిసెంబరులో గ్లీమింగ్ డెప్త్స్ రెయిడ్‌తో (జట్టుగా ఆడే పెద్ద పోరాటం) నాలుగో చుక్క కూడా వచ్చింది. మొదట్లో ఇదంతా లాటరీ వ్యవహారం. పనికిరానివి రైల్వే స్టేషన్లలో మిషన్లకి వేసి స్క్రిప్ అనే టోకెన్లు తెచ్చుకోవడం, వాటితో రస్టీ పిక్ అనే చోట కూర్చున్న మర్‌మర్గ్ అనే మోల్ మైనర్ (గనిలో తిరిగే వింతజీవి) దగ్గర కొత్తది కొని తల కొట్టుకోవడం. 2024 సెప్టెంబరులో మైల్‌పోస్ట్ జీరో అప్‌డేట్ వచ్చాక, ఆయుధాన్ని విరగ్గొట్టి దాని గుణం నేర్చుకుని వేరేదానికి పెట్టుకునే వీలొచ్చింది. విరిచిన ప్రతిసారీ రాదు, అయినా లాటరీ కంటే నయమే.

ఆ గుణాల్లో అందరూ బ్లడీడ్ అంటారు. మన ప్రాణం ఎంత తక్కువుంటే దెబ్బ అంత ఎక్కువ. ప్రాణం అట్టడుగున పెట్టుకుని తిరగాలి. నెట్ బాగున్న ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది చెల్లుతుంది. మా వీధిలోకి వచ్చే కేబుల్ నెట్ వానకొకలా, ఎండకొకలా ఉంటుంది. సరిగ్గా సూపర్ మ్యూటెంట్ అనే రాక్షసుడు గద ఎత్తినప్పుడే బొమ్మ ఆగి, మళ్ళీ కదిలేసరికి నేను నేలమీదుంటాను. మనలాంటివాళ్ళు వాంపైర్స్ గుణమున్న తుపాకీ పట్టుకోవాలి, తగిలించిన ప్రతి దెబ్బకీ ప్రాణం కొంచెం తిరిగొస్తుంది. దానికి తోడు వ్యాట్స్. అది గురి తనే పెడుతుంది గనక బొమ్మ కాస్త వెనకబడినా తూటా వృథా పోదు. డ్యామేజ్ అంకెల పట్టికల్లో వాంపైర్స్ ఎప్పుడూ కిందే ఉంటుంది. ఆ పట్టికలు రాసినవాళ్ళకి మా కేబుల్ కనెక్షన్ ఇచ్చి చూడాలి.

రిపేరు విషయంలో ఆట నాకు నచ్చింది. ప్రతి తుపాకీకీ ఒక గీత ఉంటుంది, వాడేకొద్దీ అరుగుతుంది, అయిపోతే చేతిలోనే మూగబోతుంది. వెపన్ ఆర్టిజన్ కార్డు పెట్టుకుని బాగుచేస్తే ఆ గీత మామూలు కంటే పొడుగు సాగుతుంది. చైన్‌సాకి తూటా అక్కర్లేదని మురిసిపోయేవాళ్ళు దాని గీత ఎంత తొందరగా కరుగుతుందో కూడా చూసుకోవాలి.

నచ్చనిది దాచుకునే పెట్టె. 2018లో దాని హద్దు 400 పౌండ్లు, పెంచుకుంటూ 2021లో 1200 చేశారు. అదీ చాలదు. ఫాల్అవుట్ ఫస్ట్ అని నెలనెలా డబ్బు కడితే స్క్రాప్‌కీ తూటాలకీ హద్దులేని పెట్టెలిస్తారు. తూటాల మేత మీదే నడిచే ఆటలో గాదె మాత్రం విడిగా అద్దెకివ్వడం నాకు మింగుడు పడలేదు. కట్టనివాళ్ళు బాండోలియర్ కార్డు పెట్టుకుంటే తూటాల బరువు బాగా తగ్గుతుంది, దాంతో సర్దుకోవాలి.

మా భీమవరం బావ చెరువుల మీద బాగానే సంపాదించాడు, ఆటలోనూ అదే జోరు. ఎవరో క్రాన్‌బెర్రీ బాగ్‌లో అణుబాంబు వేసి స్కార్చ్‌బీస్ట్ క్వీన్ అనే రాకాసి గబ్బిలాన్ని లేపగానే టీ-65 వేసుకుని, గాస్ మినీగన్ పట్టుకుని దిగిపోతాడు. క్వీన్ చచ్చేలోపు ఆయన సంచి ఖాళీ. మొన్న ఆ గాస్ మినీగన్ నాకిచ్చేస్తానన్నాడు. "ఊరికే తీసుకో బావా, నాకింకోటుంది" అన్నాడు. "దాంతోపాటు 2 ఎం.ఎం. తూటాలెన్నిస్తున్నావు బావా?" అన్నాను. ఇంకా జవాబు లేదు.