సింథ్ మాడ్యూల్‌కు ఏ బోర్డు: నానోనా, పికోనా, డైసీనా?

మాడ్యులర్ సింథ్ (విడివిడి మాడ్యూళ్ళను వైర్లతో కలిపి శబ్దం పుట్టించే వాయిద్యం) పిచ్చి పట్టిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే: హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దొరికే గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ మైక్రోకంట్రోలర్ బోర్డు (కోడ్ ఎక్కించుకునే చిన్న కంప్యూటర్) తెచ్చుకోవాలి అని. ఆర్డుయినో నానోతో చేసిన నా క్వాంటైజర్‌ను (వచ్చిన వోల్టేజిని దగ్గరి స్వరానికి సర్దే మాడ్యూల్) ఈ మధ్యే విప్పి రాస్ప్‌బెర్రీ పై పికోకు మార్చాను. ఆ మార్పు ఎందుకో చెబితే సగం జవాబు అయిపోతుంది.

అందరూ ముందు మెగాహెర్ట్జ్, అంటే బోర్డు వేగం, చూస్తారు. నానోది 16, పికోది 133, డైసీ సీడ్‌ది 480, టీన్సీ 4.0ది 600. పిచ్ సీవీ, అంటే ఏ స్వరం పలకాలో చెప్పే వోల్టేజి, పంపే మాడ్యూల్‌లో వీటికంటే ముఖ్యమైనది అవుట్‌పుట్ వోల్టేజి ఎంత కచ్చితంగా ఉందన్నది. యూరోరాక్ అనే మాడ్యులర్ సింథ్ పద్ధతిలో స్థాయికి ఒక వోల్టు, అంటే స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు. ఇన్‌పుట్ కాస్త అటూ ఇటూ అయినా క్వాంటైజర్ దగ్గరి స్వరానికి సర్దేస్తుంది. అందుకే పికో ఏడీసీ (వోల్టేజిని అంకెగా చదివే భాగం) పేరుకు 12 బిట్లే అయినా నిజంగా పనికొచ్చేది తొమ్మిది బిట్ల లోపే అన్నది నాకు అడ్డు రాలేదు. అవుట్‌పుట్‌కు ఆ వెసులుబాటు లేదు. 10 మిల్లీవోల్టులు తప్పితే 12 సెంట్లు (స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) తప్పినట్టు; తంబురా శ్రుతి పక్కన అది వెంటనే తెలిసిపోతుంది.

కాబట్టి నానో అయినా, పికో అయినా విడిగా ఒక డాక్ (అంకెను వోల్టేజిగా మార్చే చిప్) పెట్టండి. నేను వాడేది ఎంసీపీ4822. 12 బిట్లు, దాదాపు 4.096 వోల్టుల వరకు, మెట్టుకు 1 మిల్లీవోల్టు. ఆ రేంజ్ పూర్తిగా రావాలంటే 5 వోల్టుల సప్లై ఇవ్వాలి, పికో సిగ్నల్ ఏమో 3.3. మధ్యలో ఆ 3.3ను 5కు ఎత్తే 74ఏహెచ్‌సీటీ125 చిప్ వేయండి. నానో సిగ్నల్ 5 వోల్టులే కాబట్టి దానికి ఆ బెడద లేదు.

మరి నానోను ఎందుకు వదిలాను? తోడి గాంధారం కోసం. దాన్ని కదలకుండా నిలబెడితే తోడి వినిపించదు, ఊగాలి. ఆ ఊగడాన్ని కోడ్‌లో రాసి తెంపు లేకుండా డాక్‌కు పంపాలి. నా మాడ్యూల్‌కు 128×64 ఓఎల్‌ఈడీ స్క్రీన్ ఉంది. దాని బఫరే 1 కిలోబైటు, నానో ర్యామ్ మొత్తం 2. అది సరిపెట్టుకున్నా, 400 కిలోహెర్ట్జ్ ఐ2సీ (స్క్రీన్‌కు డేటా వెళ్ళే లైను) మీద ఒక ఫ్రేమ్ వెళ్ళడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. నా కోడ్‌లో అంతసేపూ డాక్ ఆగిపోయి, గమకం మెట్లు మెట్లుగా వినిపించేది. ఇంటరప్ట్‌లతో (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి అత్యవసరమైనది చేయించే పద్ధతి) సర్దవచ్చు, రెండు వారాలు ఆ టెన్షన్ కూడా పడ్డాను. పికోలో రెండు కోర్లు ఉన్నాయి కాబట్టి స్క్రీన్ ఒకదానికి, గమకం ఇంకోదానికి అప్పగించాను. గాంధారం మొదటిసారి నున్నగా ఊగిన రాత్రి చాలాసేపు దాన్నే వింటూ కూర్చున్నాను.

స్క్రీన్ లేని క్లాక్ డివైడర్‌కు (తాళం పల్స్‌లను భాగించే మాడ్యూల్) నానో చాలు. ఈఎస్‌పీ32 అనే బోర్డు వైఫై కావాలంటేనే.

శబ్దాన్నే మార్చే పనికి, అంటే డిలే, రివర్బ్‌లకు, డైసీ సీడ్ మేలు. ఆడియో కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే చిప్) బోర్డు మీదే ఉంది, 64 మెగాబైట్ల మెమరీ ఉంది. అయితే దాని ఆడియో అవుట్‌లోంచి డీసీ, అంటే నిలకడగా ఉండే వోల్టేజి, రాదు, పిచ్ సీవీని అటు నుంచి ఆశించకండి. టీన్సీ కూడా ఈ పనికి మంచిదే, కాకపోతే కోడెక్ బోర్డు వేరే కొనాలి. ఇక మామూలు పికోతో రివర్బ్ కోసం కుస్తీ పట్టవద్దు, అందులో దశాంశ లెక్కలు వేగంగా చేసే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ లేదు. 2024లో వచ్చిన పికో 2లో ఉంది. నా తర్వాతి మాడ్యూల్ దానితోనే మొదలుపెట్టాను.