పడవల దారిలో పూడిక తీసిన సర్వీసు: తవ్వకం సూపర్, మట్టి పోసిన చోటే తప్పు

మా పడవ నీళ్ళలోకి 4 అడుగులు దిగుతుంది, దాని కింద ఇంకో అడుగైనా ఖాళీ ఉండాలి కదా, కానీ నది వంపు దగ్గర కర్ర దించి చూస్తే 3 అడుగులే తగిలేది, అందుకే అందరం కలిసి డ్రెడ్జింగ్ వాళ్ళని, అంటే నది అడుగున పూడిక తవ్వి తీసేవాళ్ళని పిలిచాం.

తవ్వకం మాత్రం సూపర్ అండి. కట్టర్ సక్షన్ డ్రెడ్జర్ తెచ్చారు, ముందు పళ్ళ చక్రం తిరుగుతూ గట్టిపడిన మట్టిని కొరికేస్తుంటే పంపు ఆ మట్టిని నీళ్ళతో సహా పైపులోకి లాగేస్తుంది, పైపు మీద చెయ్యి పెడితే లోపల గులకరాళ్ళు గరగరమంటూ పోవడం తెలుస్తుంది! ముందూ తర్వాతా, శబ్దం పంపి అది అడుగుకి తగిలి తిరిగొచ్చే టైముని బట్టి లోతు చెప్పే ఎకో సౌండర్‌తో లోతు కొలిచి మ్యాప్ కూడా ఇచ్చారు. ఇది నాకు బాగా నచ్చింది, నీళ్ళ కింద ఎంత తవ్వారో మన కంటికి కనపడదు కదా.

కానీ తీసిన బురదని ఎగువన ఒడ్డు మీదే పోసేశారు, వద్దని చెప్పినా వినలేదు. మొదటి పెద్ద వానకే చాలావరకు మళ్ళీ నదిలోకి జారింది, చూసి ప్రాణం ఉసూరుమంది. అసలే వంపు లోపలి వైపు నీళ్ళు మెల్లగా పోతాయి కాబట్టి ఇసుక అక్కడ పడుతూనే ఉంటుంది, బయటి వైపు ఒడ్డు కోసుకుపోతుంటుంది, ఒకసారి తవ్వి వదిలేస్తే కుదరదు.

పడవల దారి చూపించే తేలే గుర్తులు (బోయ్‌లు) పాత చోటే వదిలేసి వెళ్ళారు, ఫోన్ చేస్తే మర్నాడే వచ్చి కొత్త దారికి జరిపారు. 5కి 3 స్టార్లు. మీరు పిలిస్తే మట్టి ఎక్కడ పోస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.