కేప్‌టౌన్ స్లేవ్ లాడ్జి: కింది అంతస్తుకే ఒక పూట

కేప్‌టౌన్ వెళ్లే మనవాళ్లు టేబుల్ మౌంటెన్, పెంగ్విన్లు, ద్రాక్షతోటలు చూసుకుని తిరిగొచ్చేస్తారు. అడ్డర్లీ వీధి మూలన ఉన్న స్లేవ్ లాడ్జిని కూడా ఆ జాబితాలో వేసుకోండి. డచ్చి ఈస్టిండియా కంపెనీ తన బానిసలను ఉంచడానికి 1679లో కట్టించిన భవనమది. ఆ తర్వాత ప్రభుత్వ కార్యాలయమైంది, సుప్రీంకోర్టయింది, ఇప్పుడు మ్యూజియం.

లోపల సంకెళ్లకంటే ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది తుప్పు తినేసిన ఓ ఇనుప దిమ్మ. 1794 డిసెంబరులో సావో జోసే అనే పోర్చుగీసు ఓడ మొజాంబిక్ నుంచి 500 మందికి పైగా బానిసలతో బ్రెజిల్‌కు పోతూ ఈ ఊరి ఒడ్డునే మునిగింది. 200 మందికి పైగా పోయారు. బతికి ఒడ్డెక్కినవాళ్లను అమ్మేశారు. సరుకుతో పోలిస్తే మనుషులు తేలిక కదా, ఓడ ఒరిగిపోకుండా అడుగున ఇలాంటి దిమ్మలు పేర్చేవారు. 1980లలో నిధుల వేటగాళ్లు ఈ శిథిలాన్ని పాత డచ్చి ఓడ అనుకున్నారు. లిస్బన్‌లో బయలుదేరినప్పటి సరుకు చిట్టాలో 1,400కు పైగా దిమ్మలున్నట్టు బయటపడ్డాకే అసలు సంగతి తేలింది. అలంకారం లేని వస్తువు, గుండె పట్టేసింది.

బానిసలు వాడుకున్న వస్తువులు మాత్రం చాలా తక్కువ. ఆ లోటు పూడ్చడానికేమో, వెలిగే స్తంభం మీద వాళ్ల పేర్లు రాశారు. యజమానులు పెట్టిన పేర్లే: ఫిబ్రవరి, సెప్టెంబరు లాంటివి, పక్కన ఎక్కడివాళ్లో. బెంగాలు, మలబారు, కోరమాండల్ తీరం... పులికాట్ కోట నుంచి డచ్చివాళ్లు మనుషుల్ని ఓడలెక్కించారని చదివే ఉంటాం, ఇక్కడ చూస్తే వేరుగా ఉంటుంది. మెట్లెక్కి పైకెళ్తే వెండి సామాను, పింగాణీ. కింద ఆ పేర్లు చదివి వచ్చాక అవి చూడబుద్ధి కాలేదు, వదిలేసినా నష్టం లేదు.

బయట చర్చ్ స్క్వేర్‌లో బానిసల స్మారకంగా 11 నల్లరాతి దిమ్మలున్నాయి, టికెట్ అక్కర్లేదు. గ్రూట్ కాన్‌స్టాన్షియాకు కారు కావాలి. బానిసల చెమటతో నడిచిన ద్రాక్షతోటది. భవనం అందంగా ఉంటుంది కానీ, వచ్చినవాళ్ల ధ్యాసంతా వైన్ రుచి చూడటం మీదే. సగం రోజు ఖర్చు చేసేంత లేదనిపించింది.

బస సముద్రం పక్కన క్యాంప్స్ బే వైపు తీసుకుంటే దృశ్యం బాగుంటుంది, బిల్లు కూడా దానికి తగ్గట్టే. నేను దిగిన గెస్ట్‌హౌస్‌లో ఎయిర్‌పోర్టుకు కారు పంపుతామని చెప్పి పంపలేదు, ఊబరే దిక్కయింది. ఊరి మధ్యలో ఉంటే లాడ్జి, స్క్వేర్, బో-కాప్ మూడూ నడిచే దూరమే, పగటిపూట మాత్రమే నడవండి. బానిసల వారసులు స్థిరపడ్డ బో-కాప్‌లో సమోసాలు, పాకంలో ముంచి కొబ్బరి చల్లిన కూసిస్టర్లు దొరుకుతాయి. శాకాహారులు సమోసాలో ఏముందో అడిగి కొనుక్కోవాలి, ఎక్కువగా కీమానే.